కుర్చీ ఖాళీ కాకముందే...

మనూర్ చుట్టుపక్కల పల్లెల్లో అదొక పల్లె. పేరు ఇక్కడ అవసరం లేదు. అరవై డెబ్బై ముస్లిం కుటుంబాలు, ఒక మస్జిదు, ఒక ఖబరస్తాన్, ఒక చిన్న అంజుమన్. ఇంటింటి నుంచి నెలనెలా వచ్చే చందాతో ఆ అంజుమన్ నడిచేది. చేసే పనులు పెద్దవేమీ కావు. పేదవాడు చనిపోతే కఫన్ కొనడం, తండ్రిలేని పిల్ల పెళ్ళికి చేయందించడం, ఆస్పత్రి పాలైనవారికి వడ్డీ లేకుండా కొంత సర్దడం, ఇమామ్ గారి జీతం ఇవ్వడం. ఇరవై రెండేళ్ళు దాన్ని ఒకే మనిషి నడిపారు. ఊరంతా ఆయన్ని సదర్ సాబ్ అనే పిలిచేది. మస్జిదు తాళాలు ఆయన దగ్గరే. లెక్కల పుస్తకం ఆయన ఇంట్లోనే. ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందు తట్టేది ఆయన తలుపే.

ఒక రాత్రి సదర్ సాబ్ గుండె ఆగిపోయింది. మూడో రోజున ఒక వితంతువు మస్జిదు దగ్గరకు వచ్చింది. కూతురి పెళ్ళి కోసం కూలి డబ్బులో నుంచి కొంచెం కొంచెంగా సదర్ సాబ్ దగ్గర దాచుకున్నానని, అది ఇప్పించమని అడిగింది. ఎంత అని అడిగితే ఒక మొత్తం చెప్పింది. సాక్షులు లేరు. సదర్ సాబ్ ఇంటి పెట్టెలో నుంచి పుస్తకం తెచ్చి తెరిచారు. అది ఉర్దూలో ఉంది. తెలుగు మీడియంలో చదువుకున్న యువకులకు అది అర్థం కాలేదు. ఉర్దూ వచ్చిన ఇద్దరు పెద్దలు చదవబోయారు గానీ, సగం పేర్లకు బదులు ఆయనకు మాత్రమే తెలిసిన గుర్తులున్నాయి. కొడుకు హైదరాబాదులో పని చేసుకునే కుర్రవాడు. "అబ్బా ఎప్పుడూ ఈ విషయాలు నాకు చెప్పలేదు" అని తలవంచుకున్నాడు.

ఆ రోజు నేనూ ఆ మస్జిదు వరండాలో కూర్చుని ఉన్నాను. వారం తిరగకుండానే ఊరు రెండు వర్గాలైంది. సదర్ పదవి కొడుక్కే ఇవ్వాలని కొందరు, ఆ ఇంటి గడప నుంచి అంజుమన్ బయటికి రావాలని కొందరు. బతికున్నన్నాళ్ళు వేలెత్తి చూపని మనిషి మీద చనిపోయాక అనుమానాలు మొదలయ్యాయి.

సదర్ సాబ్ నిజాయితీపరుడని నేను ఈనాటికీ నమ్ముతున్నాను. పైసా తిన్న మనిషి కాదు. అయినా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. నిజాయితీపరుడైన మనిషి కూడా అమానతు విషయంలో దోషి కాగలడా?

అప్పగింతకు రెండు చేతులు కావాలి

దివ్యఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 58వ ఆయతులో, అమానతులను వాటికి అర్హులైనవారికి అప్పగించమని అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. అమానతు అంటే మన దగ్గర ఎవరో దాచిన డబ్బు మాత్రమే కాదని, పదవి, అధికారం, బాధ్యత కూడా అమానతులేనని ధర్మపండితులు వివరించారు. అనర్హుల చేతికి వ్యవహారాలు అప్పగించబడితే అమానతు వృథా అయినట్లేనని, అప్పుడు ప్రళయం కోసం ఎదురు చూడవలసిందేనని మహాప్రవక్త (స) హెచ్చరించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. అప్పగించడం అనే పనికి రెండు చేతులు కావాలి. ఇచ్చే చేయి ఒకటి, పుచ్చుకునే చేయి ఒకటి. పుచ్చుకోగల చేతిని తయారు చేయకుండానే ఒక మనిషి లోకం విడిచి వెళ్ళిపోతే, అతను ఎంత నిజాయితీపరుడైనా అప్పగింత పూర్తి కాలేదు. అర్హులకు అప్పగించమన్న ఆదేశంలోనే అర్హులను తయారు చేయాలన్న బాధ్యత కూడా దాగి ఉంది. నమాజు విధి అయినప్పుడు వుజూ ఎలా తప్పనిసరి అవుతుందో ఇదీ అంతే.

'నేనుండగా వాళ్ళకెందుకు శ్రమ' అని మన పెద్దలు అంటుంటారు. అది ప్రేమతో అనే మాటే. కాని మరణానికి వేళాపాళా లేదని నమ్మే విశ్వాసి నోటికి ఆ మాట తగదు. నేను లేనినాడు ఏమిటన్న ప్రశ్న అతన్ని ప్రతి రాత్రీ నిద్రకు ముందు పలకరించాలి.

మహాప్రవక్త (స) చూపిన పద్ధతి

దైవప్రవక్త (స) మదీనా విడిచి ప్రయాణమైన ప్రతిసారీ నగరంలో తన స్థానంలో ఒకరిని నియమించి వెళ్ళేవారు. ప్రతిసారీ ఒకే మనిషిని కాదు. ఒకసారి అబూ లుబాబా (రజి), ఒకసారి ముహమ్మద్ బిన్ మస్లమా (రజి), ఇలా వేర్వేరు సహచరులకు ఆ అవకాశం దక్కింది. ఈ బాధ్యత పలుమార్లు అందుకున్నవారిలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) ఒకరు. ఆయన అంధులు. 'అబస' సూరా ఆయన విషయంలోనే అవతరించింది. చూపులేని మనిషిని మదీనాలో తన ప్రతినిధిగా నిలబెట్టడంలో మనకు పాఠం లేదా? మన కమిటీలలో 'వాడు చిన్నవాడు, వీడు పేదవాడు, వాడికి చదువు లేదు' అంటూ ఎంతమందిని గుమ్మం బయటే నిలబెడుతున్నామో ఆలోచించాలి.

హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)కు సైన్యాధిపత్యం అప్పగించినప్పుడు ఆయనకు ఇంకా ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. పెద్ద పెద్ద సహచరులు ఆ సైన్యంలో సాధారణ సైనికులు. కొందరు గొణిగారు. దైవప్రవక్త (స) ఆ ఆక్షేపణను తోసిపుచ్చారు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన (స) పరమపదించారు. ఖలీఫా అయిన హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆ సైన్యాన్ని ఆపలేదు. సాగనంపుతూ ఉసామా (రజి) వాహనం పక్కన తాను కాలినడకన నడిచారు. మదీనా వ్యవహారాల కోసం హజ్రత్ ఉమర్ (రజి)ను తన దగ్గర ఉంచుకోవడానికి ఆ యువకుడి అనుమతి అడిగారు. ఖలీఫా ఆజ్ఞాపించవచ్చు, కాని అడిగారు. బాధ్యత ఇచ్చాక గౌరవం కూడా ఇవ్వాలని ఆ విధంగా నేర్పారు.

ఇక ముఅతా యుద్ధం (హిజ్రీ 8, క్రీ.శ. 629) సంగతి చూడండి. దైవప్రవక్త (స) సైన్యాన్ని పంపుతూ, జైద్ బిన్ హారిసా (రజి) నాయకుడని, ఆయనకేమైనా అయితే జాఫర్ బిన్ అబూ తాలిబ్ (రజి), ఆయనకూ ఏమైనా అయితే అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) అని ముందే వరుస చెప్పి పంపారు. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు షహీద్ అయ్యారు. ఇప్పుడు జెండా ఎవరిది? అప్పుడు సాబిత్ బిన్ అఖ్రమ్ (రజి) ముందుకు వచ్చి జెండా అందుకున్నారు. అందుకుని, మీలో ఒకరిని నాయకుడిగా ఎన్నుకోండని జనాన్ని పిలిచారు. మీరే ఉండండి అన్నారు వారు. ఆయన ఒప్పుకోలేదు. అందరూ కలిసి ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను ఎన్నుకున్నారు. ఖాలిద్ (రజి) ఇస్లాం స్వీకరించి అప్పటికి కొద్ది నెలలే అయింది. అయినా ఆ ఘడియలో ఆ పనికి తగినవాడు ఆయనే. సైన్యం క్షేమంగా తిరిగి వచ్చింది.

సాబిత్ (రజి) జెండాను పడిపోనివ్వలేదు. చేతికి వచ్చింది కదా అని తన దగ్గర ఉంచుకోనూ లేదు. మన అంజుమన్‌లకు ఇంతకన్నా మంచి ఆదర్శం ఎక్కడ దొరుకుతుంది?

ఒక సందేహం

ఇక్కడ కొందరు సోదరులకు ఒక సందేహం రావచ్చు. 'పదవిని అడగవద్దని, అడిగినవారికి మేము పదవి ఇవ్వమని దైవప్రవక్త (స) చెప్పారు కదా. మరి యువకులను పదవుల కోసం సిద్ధం చేయడం అంటే వాళ్ళలో పదవీకాంక్ష రేపడమే కదా?'

ఇది మంచి సందేహం. అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు దైవప్రవక్త (స) పదవిని కోరవద్దని హితవు చెప్పారు. అడగకుండా లభిస్తే దైవసహాయం తోడుంటుందని, అడిగి తెచ్చుకుంటే ఆ బరువుతో ఒంటరిగా మిగిలిపోతారని వివరించారు. హజ్రత్ అబూజర్ (రజి) అంతటి పుణ్యాత్ములు బాధ్యత కోరితే, మీరు బలహీనులు, ఇది అమానతు అని వారించారు. పుణ్యం వేరు, బాధ్యత మోయగల సామర్థ్యం వేరు అని దీనివల్ల తేలుతోంది. మరోవైపు హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు రాజుతో ధాన్యాగారాల బాధ్యత తనకు ఇమ్మన్నారు. కాపాడగలను, ఆ పని తెలిసినవాణ్ణి అని తన అర్హతలు చెప్పారు. కరువు ముంచుకొస్తోంది. ఆ పని తెలిసినవారు మరొకరు లేరు. ఆయన కోరింది కుర్చీని కాదు, ప్రజల ప్రాణాలు కాపాడే పనిని.

కాబట్టి పదవిని కోరడం వేరు, పనిని నేర్చుకోవడం వేరు. కోరిక మనిషిని కుర్చీ వైపు లాగుతుంది. శిక్షణ పని వైపు నడిపిస్తుంది. నిజానికి పదవీకాంక్షకు విరుగుడు శిక్షణే. లెక్కలు రాసి, ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసి, అర్ధరాత్రి సమాధి తవ్వించి, తగాదా పడ్డ ఇద్దరి మధ్య కూర్చుని మాటలు పడ్డ యువకుడికి ఆ కుర్చీలో ముళ్ళు ఎన్ని ఉంటాయో తెలుస్తుంది. అతను దాని కోసం పరుగెత్తడు. ఏమీ నేర్చుకోనివాడికే అది పూలపాన్పులా కనిపిస్తుంది.

మన ప్రాంతం చెల్లించిన మూల్యం

ఈ మాటలు ఒక చిన్న పల్లె అంజుమన్‌కే పరిమితం అనుకోకండి. నాయకత్వం చేతులు మారేటప్పుడు ఏమవుతుందో మన ప్రాంతం ఒకసారి చాలా పెద్ద స్థాయిలో చూసింది.

1927లో హైదరాబాదులో మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఏర్పడింది. 1938లో నవాబ్ బహాదుర్ యార్ జంగ్ దానికి అధ్యక్షులయ్యారు. ఆయన రాజకీయాలను మెచ్చనివారు కూడా ఆయన వాగ్ధాటిని ఒప్పుకుంటారు. సంస్థకు ఆయనే గొంతు, ఆయనే ముఖం. 1944 జూన్ 25న ఆయన హఠాత్తుగా కన్నుమూశారు. అప్పటికి వయసు 39 ఏళ్ళు మాత్రమే. తర్వాత రెండున్నరేళ్ళలోనే పగ్గాలు చేతులు మారి, 1946 చివరికల్లా లాతూరు న్యాయవాది ఖాసిం రజ్వీ చేతికి వచ్చాయి. ఆయన నాయకత్వంలో రజాకార్లు పల్లెల్లో సాగించిన దౌర్జన్యాలకు హిందూ కుటుంబాలు, రైతులు, కాంగ్రెస్, కమ్యూనిస్టు కార్యకర్తలు బలయ్యారు. ఆ ధోరణిని పత్రికలో నిలదీసిన 'ఇమ్రోజ్' సంపాదకులు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. ఆయనా ముస్లిమే.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించింది. ఐదు రోజుల్లో అంతా ముగిసింది. ఆ తర్వాత జరిగిన ప్రతీకారంలో ఏ పాపం ఎరుగని ముస్లిం పల్లెవాసులు వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది. అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్న నాలుగు జిల్లాలుగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లను పేర్కొంది. మన నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు ఆ బీదర్ జిల్లాలోనిదే. రజ్వీ జైలుశిక్ష అనుభవించి, 1957లో విడుదలై, సంస్థను అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించి పాకిస్తాన్ వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళగలిగారు. భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న పల్లె తల్లులు ఎక్కడికి వెళతారు?

ఈ విషాదానికి నాయకత్వ మార్పు ఒక్కటే కారణమని నేను అనడం లేదు. నిజాం నిర్ణయాలున్నాయి, ఆనాటి దేశ పరిస్థితులున్నాయి, ఇంకా ఎన్నో ఉన్నాయి. కాని ఒక పాఠం మాత్రం స్పష్టం. ఒక గొంతు చుట్టూ అల్లుకున్న సంస్థలో ఆ గొంతు మూగబోతే, దానికన్నా బిగ్గరగా అరిచేవాడు ఆ స్థానంలోకి వస్తాడు. వినడం మాత్రమే నేర్చుకున్న అనుచరులు అతణ్ణీ అలాగే వింటారు. 'ఇది అన్యాయం, ఆగండి' అని లోపలి నుంచి చెప్పగల రెండో వరుస అక్కడ తయారై ఉండదు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయిన మొదటి రోజునే, నేను సరిగా నడిస్తే సాయపడండి, వంకరగా నడిస్తే సరిచేయండి అని ప్రజలను కోరారు. నాయకుడు ఇవ్వవలసిన మొదటి శిక్షణ ఇదే. తనను సరిచేయడం నేర్పాలి. విధేయత ఒక్కటే నేర్పినవాడు తన తర్వాత వచ్చే దుర్మార్గుడికి కూడా సేవకులను సిద్ధం చేసి పెట్టినట్లే.

కొడుకు కాకూడదా?

సదర్ సాబ్ కొడుకు విషయానికి వద్దాం. తండ్రి తర్వాత కొడుకు రావడం పాపమా? పాపం కాదు. అర్హత ఉంటే అడ్డూ లేదు. కాని పుట్టుక అర్హత కాదు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) తనకు దక్కిన నాయకత్వం తన సంతానానికి కూడా దక్కుతుందా అని అడిగినప్పుడు, ఆ వాగ్దానం దుర్మార్గులకు వర్తించదని అల్లాహ్ స్పష్టం చేశాడు (అల్ బఖర 124). దైవమిత్రుడి సంతానానికే ఈ షరతు ఉంటే మన సంతానం సంగతేమిటి?

హజ్రత్ ఉమర్ (రజి) కత్తిపోట్లతో మంచం మీద ఉండి కూడా రెండు పనులు చేశారు. తన మీద ఎంత అప్పు ఉందో లెక్క చూడమని కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)కు చెప్పారు. తదుపరి ఖలీఫాను ఎన్నుకునే పనిని ఆరుగురు సహచరులకు అప్పగించారు. కుమారుడు సంప్రదింపుల్లో ఉండవచ్చు గాని పదవిలో అతనికి వాటా లేదన్నారు. అబ్దుల్లాహ్ (రజి) జ్ఞానంలో, భక్తిలో తక్కువవారేమీ కాదు. అయినా ఆ ద్వారం మూశారు. లెక్క అప్పగించి, బాధ్యత అప్పగించి, ఆ తర్వాతే కన్ను మూశారు.

దిగిపోవడం కూడా ఒక విద్యే. ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను సేనాధిపత్యం నుంచి తొలగించి హజ్రత్ అబూ ఉబైదా (రజి)ను నియమించినప్పుడు, ఖాలిద్ (రజి) అలిగి ఇంటికి వెళ్ళలేదు. కొత్త నాయకుడి కింద అదే శౌర్యంతో పోరాడారు. మన ఊళ్ళలో పాత సదర్ కొత్త సదర్ వెనుక నమాజు సఫ్‌లో నిలబడటానికి కూడా ఎందుకు ఇబ్బంది పడుతున్నాడు?

మనం చేయగలిగినవి

ప్రియ సోదర సోదరీమణులారా! దీనికి పెద్ద పెద్ద సదస్సులు అక్కరలేదు. మన పల్లెలోనే, ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు.

మొదటిది లెక్క. అప్పు లావాదేవీలను రాసుకోమని అల్ బఖర సూరా 282వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. అంజుమన్ పుస్తకం పిల్లలు కూడా చదవగలిగే భాషలో ఉండాలి. ఉర్దూ మనకు ప్రియమైనదే, దాన్ని పిల్లలకు నేర్పాలి. కాని లెక్క దాచడానికి ఏ భాషా తెర కాకూడదు. పుస్తకం ఒకరి దగ్గర, డబ్బు ఇంకొకరి దగ్గర ఉండాలి. ఏడాదికి రెండుసార్లు జుమా తర్వాత అందరి ముందూ చదివి వినిపించాలి.

రెండోది తోడు. ప్రతి బాధ్యుడి పక్కన ఒక చిన్నవాణ్ణి కూర్చోబెట్టాలి. సదర్ సాబ్ ఊళ్ళో లేని వారం ఆ చిన్నవాడే పని చూడాలి. తప్పులు చేస్తాడు. పెద్దవాడు బతికుండగా చేసిన తప్పును దిద్దవచ్చు. పోయాక చేసిన తప్పు ఊరి మీద పడుతుంది.

మూడోది గడువు. రెండేళ్ళో మూడేళ్ళో ముందే నిర్ణయించుకోవాలి. గడువు ముగిశాక అందరూ సంప్రదించుకుని అదే మనిషిని మళ్ళీ ఎన్నుకుంటే మంచిదే. కాని ఎన్నుకోవాలి. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో నడుస్తాయని ఖుర్ఆన్ వర్ణించింది. సంప్రదింపులు లేని మౌనాన్ని అంగీకారం అనుకోకూడదు.

నాలుగోది స్త్రీల విషయం. ఆ పల్లెలోనే చనిపోయిన స్త్రీలకు గుస్ల్ ఇచ్చే ఖాలా ఒకరుండేవారు. ఆమె పోయినప్పుడు ఆమెకు గుస్ల్ ఇవ్వడానికి పద్ధతి తెలిసిన స్త్రీ ఊళ్ళో లేదు. పొరుగూరికి మనిషిని పంపి, వచ్చేదాకా జనాజాను ఆపవలసి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఎందరికో ఆఖరి స్నానం చేయించిన ఆమె ఆఖరి స్నానం కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. ఆమెను ఎవరూ నేర్పమని అడగలేదు. మన ఆడపిల్లల్లో కనీసం నలుగురికి ఈ విద్య రావాలి. ఇదీ నాయకత్వమే.

చివరికి ఆ వితంతువు సంగతి చెప్పాలి. ఊరి పెద్దలు ఆమె మాటను నమ్మి, అంతా చందా వేసుకుని ఆమె చెప్పిన మొత్తం అందజేశారు. పెళ్ళి జరిగింది. డబ్బు తీసుకున్న రోజున ఆమె ఏడ్చింది. "నా డబ్బు నాకొచ్చింది గానీ సదర్ సాబ్ పేరు ఎవరు తిరిగిస్తారు?" అంది. ఇరవై రెండేళ్ళ సేవ ఒక చదవరాని పుస్తకం వల్ల మసకబారింది.

దైవప్రవక్త (స) పరమపదించిన నాడు సహచరులు దుఃఖంతో తల్లడిల్లిపోతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) లేచి నిలబడ్డారు. ముహమ్మద్ (స) మరణించారని, అల్లాహ్ మాత్రం సజీవుడని, ఆయనకు మరణం లేదని గుర్తుచేశారు. ప్రవక్త (స) వెళ్ళిపోయినా నమాజు ఆగలేదు, జకాతు ఆగలేదు. అంతటి మహనీయుని (స) తర్వాతే ధర్మకార్యం ఆగకుండా నడిచినప్పుడు, మన తర్వాత ఒక పల్లె అంజుమన్ ఎందుకు ఆగిపోవాలి?

బాధ్యతలో ఉన్న ప్రతి సోదరుడూ, ప్రతి సోదరీ ఈ రాత్రి తనను తాను ఒక్క ప్రశ్న వేసుకోవాలి. రేపు ఫజర్‌కు నేను లేవకపోతే, నా చేతిలోని తాళం ఎవరి చేతికి వెళుతుంది? ఆ చేతికి తాళం తీయడం వచ్చా?

అమానతులను అర్హులకు అప్పగించే సౌభాగ్యాన్ని, ఆ అర్హులను తయారు చేసే ఓర్పును, సమయం వచ్చినప్పుడు చిరునవ్వుతో తప్పుకునే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.